పంకా తాడు మొదలు ఏసీ గది వరకు

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఈవేళ చెప్పుకోబోయేది చల్లదనం కథ. ఇంట్లో చల్లదనం కాదు, పనిచేసే చోట చల్లదనం. కచేరీలు, కోర్టులు, బ్యాంకులు, మిల్లులు, ఫ్యాక్టరీలు - ఇలాంటి చోట్ల ఎండ వేడిని తట్టుకోవడానికి మనవాళ్ళూ పైవాళ్ళూ ఏమేం చేశారు? అందుకు ఎవరు కష్టపడ్డారు? ఆ చల్లదనం ఎవరికి దక్కింది? "దీంట్లో ఆడవాళ్ళకు పనికొచ్చేది ఏముంది?" అని అడక్కండి. ఉంది. చివరిదాకా వింటే మీకే తెలుస్తుంది.

మన ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి ప్రాంతాల ఎండ సంగతి వేరే చెప్పాలా? రోహిణికార్తెలో రోళ్ళు పగులుతాయని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు. ఐతే మన దగ్గర రెండు రకాల వేడి ఉంది. పడమటి గాలి తోలినప్పుడు వడగాలి. ఒళ్ళు పొడిబారిపోతుంది, పెదాలు పగులుతాయి, ఆరేసిన బట్ట అరగంటలో అప్పడం అవుతుంది. సాయంత్రానికి గాలి తిరిగి సముద్రం వైపునుంచి వచ్చిందా, అదింకో రకం. ఒకటే ఉక్కపోత. చెమట కారుతుందే కాని ఆరదు. కొల్లేరు, దాని చుట్టూ వరిచేలు, చేపల చెరువులు, కాలవలు - ఇన్ని నీళ్ళ మధ్య ఉన్నాం కనక ఆ ఉక్క మనకు మరీ ఎక్కువ. ఈ రెండు రకాల వేడినీ గుర్తుపెట్టుకోండి. మిగతా కథంతా వీటిమీదే నడుస్తుంది.

వెనకటి రోజుల్లో చల్లదనానికి మొదటి ఉపాయం కట్టడంలోనే ఉండేది. మూరెడు మందం గోడలు, ఎత్తయిన కప్పు, చుట్టూ వరండా, కప్పుకింద వేడిగాలి పోవడానికి చిన్న కిటికీలు. తెల్లదొరల కాలంలో కట్టిన పాత తాలూకా కచేరీలు, మునసబు కోర్టులు ఎక్కడ చూసినా ఈ తీరే కనబడుతుంది. మన మండువా లోగిళ్ళలోనూ ఇదే సూత్రం. మండువాలోంచి వేడిగాలి పైకి పోతుంది, నీడపట్టునుంచి చల్లగాలి లోపలికి వస్తుంది. దీనికి కరెంటు లేదు, ఖర్చు లేదు.

రెండో ఉపాయం వేళ. ఎండ ముదరకముందే పని ముగించుకోవడం. రైతు తెల్లవారుజామునే అరక కడతాడు, కొల్లేట్లో వల వేసేవాడు చీకటితోనే దోనె ఎక్కుతాడు. దాన్నే ప్రభుత్వంవారూ పాటించారు. మన పిల్లలకు ఇప్పటికీ ఒంటిపూట బడులు, కోర్టులకు వేసవి సెలవులు ఉన్నాయి కదా! ఇక పెద్ద దొరలైతే ఎండనే వదిలేసి వెళ్ళిపోయేవారు. ఇండియా ప్రభుత్వం 1864 నుంచి వేసవికి సిమ్లా చేరుకునేది. మనం అప్పుడు మద్రాసు రాజధానిలో ఉన్నాం కనక మన ప్రభుత్వం 1870 నుంచి ఉదకమండలం వెళ్ళేది. ఫైళ్ళూ గుమాస్తాలూ సహా మొత్తం కచేరీ కొండెక్కేదన్నమాట. కిందే ఉండిపోయిన జిల్లా ఉద్యోగులకు మాత్రం మిగిలినవి రెండే. ఒకటి వట్టివేళ్ళ తడిక, రెండోది పంకా.

వట్టివేళ్ళు మీరంతా ఎరిగినవే. మంచినీళ్ళ కుండలో వేసుకుంటాం. ఆ వేళ్ళను తడికగా అల్లి గుమ్మానికి, కిటికీకి కట్టేవారు. ఒక మనిషి మాటిమాటికీ నీళ్ళు చిలకరిస్తుంటే, పడమటి గాలి ఆ తడిలోంచి దూరి చల్లబడి, ఘుమఘుమలాడుతూ లోపలికి వచ్చేది. మట్టికుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయో ఇదీ అందుకే. నీరు ఆవిరి కావాలంటే వేడి కావాలి. ఆ వేడిని చుట్టూ ఉన్న గాలినుంచే లాక్కుంటుంది. అంచేత గాలి చల్లబడుతుంది. ఇప్పటి ఎయిర్ కూలర్ కూడా ఇదే. వట్టివేళ్ళ బదులు గడ్డి మెత్తలు, నీళ్ళు చిలకరించే మనిషి బదులు చిన్న పంపు, పడమటి గాలి బదులు ఫ్యాను. అంతే తేడా.

కాని ఒక చిక్కుంది. గాలి పొడిగా ఉన్నప్పుడే నీరు చురుగ్గా ఆవిరవుతుంది. గాలిలోనే తేమ నిండి ఉంటే ఇంకెక్కడి ఆవిరి? అందుకే కూలర్ పడమటి గాలికి హాయిగా పనిచేస్తుంది, ఉక్కపోత రోజున మాత్రం గదిలో చెమ్మ పెంచి మనల్ని ఇంకా ఉడికిస్తుంది. "నిన్న బాగానే ఉంది, ఇవాళ కూలర్ పాడైంది" అనుకుంటాం. కూలర్ పాడవలేదమ్మా, గాలి తిరిగింది! అలాంటి రోజున కూలర్లో నీళ్ళు ఆపేసి, కిటికీలు తీసి, ఒట్టి ఫ్యానుగా వాడుకోవడం మేలు.

ఇక పంకా. ఇప్పుడు పంకా అంటే ఫ్యాను అనుకుంటాం. అప్పటి పంకా వేరు. పొడవాటి చెక్క చట్రానికి బట్ట కట్టి, దాన్ని దూలానికి వేలాడదీసేవారు. దానికి తాడు కట్టి, ఆ తాడును గోడలో కన్నంలోంచి బయటి వరండాలోకి తీసేవారు. అక్కడొక మనిషి కూర్చుని గంటల తరబడి తాడు లాగుతుంటే లోపల దొరగారికి, జడ్జీగారికి గాలి తగిలేది. చేతులు నొప్పి పుడితే తాడు కాలికి కట్టుకుని లాగేవాడు. గాలి లోపల, గాలి తెప్పించేవాడు బయట. లోపలివాళ్ళకు అతని మొహం కూడా కనబడదు. తాడు ఆగినప్పుడే అతను గుర్తుకొచ్చేవాడు.

అలా గుర్తొస్తే ఏమయ్యేది? రాత్రింబగళ్ళు లాగి లాగి కునుకు పడితే తిట్లు, తన్నులు. తెల్ల సోల్జర్లు తన్నిన తన్నుకు పంకా కూలీలు చనిపోయిన కేసులు పంతొమ్మిదో శతాబ్దం చివర్లో కోర్టులకెక్కాయి. "కూలీకి ముందునుంచే ప్లీహం వాచి ఉంది, అది చితికి చచ్చిపోయాడు, తన్నినవాడి తప్పేముంది" అని వాదించేవారుట. చాలాసార్లు కొద్దిపాటి శిక్షతో తేలిపోయేది. 1899లో వైస్రాయిగా వచ్చిన కర్జన్ ప్రభువు అంతటి సామ్రాజ్యవాది కూడా, ఈ దౌర్జన్యాలు ఇంగ్లీషువారి పరువు తీస్తున్నాయని గట్టిగా పట్టుబట్టాడు. ఒకరి చల్లదనం ఇంకొకరి ప్రాణంమీదికి రావడమంటే ఇదే.

పంకా సంగతి ఇలా ఉంటే, మరోవంక మంచు వచ్చింది. ఎక్కడినుంచి అనుకున్నారు? అమెరికానుంచి! బోస్టను వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ అక్కడ చలికాలంలో గడ్డకట్టిన చెరువులను కోయించి, ఆ మంచుదిమ్మలను రంపపు పొట్టులో కప్పెట్టి ఓడలో పంపించాడు. 1833లో అలా 180 టన్నులు బయల్దేరితే, నాలుగు నెలల ప్రయాణం తర్వాత కూడా సుమారు 100 టన్నులు కరక్కుండా కలకత్తా చేరింది. మద్రాసు సముద్రపు ఒడ్డున ఆ మంచు దాచడానికి 1842లో కట్టిన ఐస్ హౌసే, 1897లో స్వామి వివేకానందులవారు బస చేయడంవల్ల తర్వాత వివేకానందర్ ఇల్లం అయింది. తర్వాత యంత్రాలతో ఇక్కడే మంచు తయారుచేయడం మొదలయ్యాక ఆ వ్యాపారం మూలపడింది.

యంత్రంతో మంచు అనగానే మన కొల్లేటివారికి వేరే చెప్పక్కర్లేదు. ఆకివీడు, కైకలూరు, భీమవరం దారుల్లో ఐసు ఫ్యాక్టరీలు ఎన్ని లేవు! ఉప్పునీళ్ళ తొట్టిలో మంచినీళ్ళు పోసిన రేకు డబ్బాలు దింపుతారు. అమ్మోనియా వాయువు ఉప్పునీటి వేడిని లాగేస్తుంది. ఉప్పునీరు గడ్డకట్టకుండానే సున్నా డిగ్రీల కిందికి దిగి, డబ్బాల్లో మంచినీటిని దిమ్మలుగా గడ్డకట్టిస్తుంది. ఆ దిమ్మలు పిండిచేసి, బొచ్చె, శీలావతి చేపల మధ్య పొరలు పొరలుగా వేసి, లారీల్లో హౌరా దాకా, అస్సాం దాకా పంపిస్తారు. మంచు లేకపోతే కొల్లేటి చేప కలకత్తా మొహం చూసేది కాదు. 1999లో కొల్లేరును అభయారణ్యం చేసి, 2006లో సరస్సులోపలి చెరువుగట్లు కొట్టించిన తర్వాత కూడా, చుట్టుపక్కల చేపల వ్యాపారం మంచుమీదే నడుస్తోంది.

ఇక్కడ ఒక విశేషం గమనించారా? చల్లదనం చేపకు దక్కింది. ఎండలో చెరువులో దిగి వల లాగే మనిషికీ, లారీకి ఎత్తే మనిషికీ దక్కలేదు. ఇది మన కొల్లేటిలోనే కాదు. అసలు ఎయిర్ కండిషనింగ్ పుట్టడమే అలా పుట్టింది!

1902లో అమెరికాలో, న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో ఒక అచ్చాఫీసు ఉండేది. రంగు బొమ్మలు అచ్చువేసేవారు. ఒక్కో రంగూ ఒక్కోసారి అచ్చు పడాలి. వేసవిలో గాలిలో తేమ పెరిగితే కాగితం రవ్వంత సాగేది, తగ్గితే ముడుచుకునేది. దాంతో నిన్న వేసిన ఎరుపు మీద ఇవాళ వేసిన పసుపు సరిగ్గా పడేది కాదు. బొమ్మ చెడిపోయేది. బఫెలో ఊళ్ళోని ఒక కంపెనీలో పనిచేసే విల్లిస్ కారియర్ అనే పాతికేళ్ళ ఇంజనీరుకు ఈ సమస్య అప్పగించారు. చల్లటి నీరు ప్రవహించే గొట్టాలమీదుగా గాలిని పంపి, ఆ గాలిలో తేమ ఏడాదిపొడుగునా నూటికి 55 పాళ్ళు ఉండేట్టు అతను ఏర్పాటు చేశాడు. మన ఇంట్లో ఫ్రిజ్‌లోంచి తీసిన స్టీలు గ్లాసుకు చెమట పట్టదూ? గాలిలో ఉన్న తేమే ఆ చల్లటి గ్లాసుమీద నీళ్ళుగా దిగుతుంది. కారియర్ పట్టుకున్న కిటుకు ఇదే. అంటే మొట్టమొదటి ఏసీ మనుషుల కోసం కాదు, కాగితం కోసం!

ఆ తర్వాతది నూలు కోసం. గాలి మరీ పొడిగా ఉంటే పోగులు పటపటా తెగుతాయి. అమెరికా బట్టల మిల్లుల్లో తేమ సరిపెట్టే పనిచేసిన స్టువర్ట్ క్రామర్ 1906లో "ఎయిర్ కండిషనింగ్" అన్న మాట మొదట వాడాడు. జనపనార సంగతీ అంతే. మన ఏలూరు జూట్ మిల్లు తెలియనిదెవరికి? జనపనారను ముందుగా నీళ్ళు, నూనె కలిపి తడిపి మెత్తబరచందే అది దారం కాదు. తేమ దారానికి సుఖం. అదే తేమలో ఎనిమిది గంటలు నిలబడే మనిషికి మాత్రం అది ఉక్కపోత.

మనుషుల కోసం చల్లదనం తర్వాతెప్పటికో వచ్చింది. 1925లో న్యూయార్కు రివోలీ సినిమాహాల్లో కారియర్ యంత్రం పెట్టారు. 1928లో టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో 21 అంతస్తుల మైలం బిల్డింగు మొత్తం చల్లబరిచిన మొదటి ఎత్తయిన ఆఫీసు భవనం. ఆ తర్వాత కట్టడాల తీరే మారిపోయింది. వరండాలు పోయాయి, ఎత్తు కప్పులు దిగాయి, తెరవడానికి వీల్లేని అద్దాల గోడలు వచ్చాయి. యంత్రం ఉంది కదా అని గోడలు తమ పని మానేశాయి. అలాంటి భవనంలో ఒక పూట కరెంటు పోయిందంటే లోపలున్నవాళ్ళ పని ఆవిరి కుడుమే.

మన దేశంలో 1943లో బ్లూస్టార్, 1954లో వోల్టాస్ కంపెనీలు పెట్టారు. మన జిల్లాలో సామాన్యపు ఆఫీసుకు ఫ్యాను తిరగడమే అప్పటికి గొప్ప. 1925లో పశ్చిమగోదావరి జిల్లా ఏర్పడి ఏలూరు ముఖ్యపట్టణమైంది. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు మొదలై ఆంధ్ర జిల్లాలకు కరెంటు బలం వచ్చింది. ఫ్యాను వచ్చి పంకా తాడు తెంపింది. ఒక కూలీ బతుకుతెరువు పోయింది నిజమే. కాని మనిషిని మరగా చేసిన ఒక పనీ పోయింది.

ఆఫీసుల్లోకి ఏసీ ఎలా వచ్చిందో తెలుసా? కంప్యూటరు వెంట వచ్చింది. బ్యాంకుల్లో కంప్యూటర్లు పెట్టాలని రంగరాజన్ కమిటీ 1984లో సిఫారసు చేసింది. ఆ రోజుల్లో కంప్యూటరు గది అంటే గర్భగుడి. చెప్పులు బయట విడవాలి, తలుపు వెంటనే వెయ్యాలి, దుమ్ము పడకూడదు, వేడి తగలకూడదు. మేనేజరుగారు ఫ్యాను కింద చెమటలు కక్కుతుంటే, కంప్యూటరుగారు అద్దాల గదిలో చల్లగా ఉండేవారు! రేడియో స్టూడియో అయినా అంతే. అక్కడ ఫ్యాను తిరగదు, ఆ చప్పుడు మైకు పట్టేస్తుంది. కిటికీ తెరవకూడదు, రోడ్డుమీద బండి చప్పుడు వస్తుంది. మైకు కోసం, మిషను కోసం గది చల్లబరిస్తే, ఆ పుణ్యాన మాట్లాడేవాళ్ళమూ చల్లగా కూర్చుంటాం. కాగితం, నూలు, చేప, కంప్యూటరు, మైకు - ఆ వరసలో చిట్టచివర మనిషి.

ఆ మనిషి అన్నమాటలోనూ ఒక కిటుకుంది. ఇక్కడే మన ఆడవాళ్ళ సంగతి వస్తుంది. మా పక్కింటి వదినగారు ఒక ఆఫీసులో పనిచేస్తున్నారు. మే నెలలో శాలువా పట్టుకెళతారు. వీధిలో అంతా నవ్వుతారు. కాని అందులో నవ్వడానికేమీ లేదు. ఆఫీసులో ఎంత చల్లదనం ఉండాలన్న లెక్కలకు డెన్మార్కు శాస్త్రవేత్త ఫాంగర్ 1970లో వేసిన సూత్రాలు ఆధారం. ఆ లెక్కల్లో ఒంటివేడికి తీసుకున్న కొలబద్ద సుమారు 70 కిలోల బరువుండే నలభయ్యేళ్ళ మగవాడు. తేలికపాటి పనిలో ఆడవారి ఒంట్లో పుట్టే వేడి అంతకన్నా తక్కువనీ, పాత లెక్క దాన్ని నూటికి 35 పాళ్ళ దాకా ఎక్కువగా చూపిస్తోందనీ 2015లో నెదర్లాండ్సు శాస్త్రవేత్తలిద్దరు తేల్చారు. మగవారు సూటూ బూటూ వేసుకుని హాయిగా ఉండే చలిలో నూలుచీర కట్టుకున్న మనిషి వణకదా మరి? శాలువా కప్పుకుంటే నాజూకుతనం అనకండి. కొలత తీసినప్పుడు మనల్ని లెక్కలో వెయ్యలేదు, అంతే.

చలి బాధ శాలువాతో తీరనివాళ్ళూ ఉన్నారు. భీమవరం చుట్టుపక్కల రొయ్యల ఫ్యాక్టరీల్లో తలలు తీసి, పొట్టు ఒలిచేది ఎక్కువగా ఆడవాళ్ళే. రొయ్య చెడకూడదు కనక హాలు చల్లగా ఉండాలి, నీళ్ళు మంచునీళ్ళే ఉండాలి. గంటల తరబడి నిలబడి, ఆ మంచులో చేతులు పెట్టి పనిచేస్తే వేళ్ళు కొంకర్లు పోతాయి. బయట రోళ్ళు పగిలే ఎండ, లోపల ఎముకలు కొరికే చలి. అటు తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టు చూడండి. ఉల్లికి గాలి ఆడాలి, లేకపోతే కుళ్ళుతుంది. అక్కడ బస్తాల మధ్య కూర్చుని పాయలు ఏరే ఆడవాళ్ళకు కావలసింది ఏసీ కాదు. నీడ, గాలి, తాగడానికి చల్లటి నీళ్ళు. పనిచోటు గాలి, వేడి మనిషి తట్టుకునేట్టు ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం పదమూడో సెక్షను చెప్పింది. చట్టం పుస్తకంలో ఉంది. పనిచోటికి రావాలి.

ఇంకొక పనిచోటుంది. దానిని ఏ చట్టమూ ఫ్యాక్టరీ అనలేదు. అదే మన వంటిల్లు. ఇంట్లో అందరికన్నా వేడి గది అదే. పడకగదికి ఏసీ, హాలుకు కూలర్, వంటింట్లో మాత్రం స్టౌ మంట ఆరిపోతుందని ఉన్న ఫ్యాను కూడా కట్టేస్తాం. పొయ్యిపైన కిటికీ, పొగ లాగేసే చిన్న ఫ్యాను, ఎండ ముదరకముందే వంట - ఈ మూడూ గొంతెమ్మ కోరికలు కావు. పాత కచేరీ కట్టినవాళ్ళకు తెలిసిన సంగతులే.

చివరిగా ఒక్క మాట. ఏసీ వేడిని మాయం చెయ్యదు. గదిలోని వేడిని తోడి వీధిలో పోస్తుంది. బ్యాంకు వెనక సందులోకి వెళ్ళి నిలబడండి, మొహాన నిప్పు కొట్టినట్టుంటుంది. ఆ గోడ పక్కనే కొబ్బరిబొండాలవాడు, చెప్పులు కుట్టేవాడు కూర్చుని ఉంటారు. ఎండదెబ్బకు 2003లోనూ, మళ్ళీ 2015లోనూ మన ఆంధ్ర దేశంలో వెయ్యిమందికి పైగా ప్రాణాలు పోయాయి. వాళ్ళలో ఎక్కువమంది ఎండన పడి పనిచేసే బీదలు, వయసుమళ్ళినవారు. ఏసీల్లో వాడే వాయువులు ఆకాశంలో ఓజోన్ పొరను తినేస్తున్నాయని తెలిసి, 1987లో మాంట్రియల్‌లో అనేక దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. వాటి బదులు వచ్చిన వాయువులు భూమిని వేడెక్కిస్తున్నాయని 2016లో కిగాలీలో మరో ఒప్పందం జరిగింది.

మరి కరెంటో? 1979లో మొదటి యూనిట్ నడిచిన విజయవాడ థర్మల్ స్టేషను లాంటి చోట్ల బొగ్గు మండితేనే అది మనదాకా వస్తుంది. ఆ బొగ్గును సింగరేణిలోనో, తాల్చేరులోనో మనిషే భూమిలోంచి తీస్తాడు. అంటే పంకా తాడు తెగలేదమ్మా, పొడుగైంది. అప్పుడు వరండా దాకా ఉండేది, ఇప్పుడు బొగ్గుగని దాకా ఉంది. లాగేవాడి మొహం అప్పుడూ కనబడలేదు, ఇప్పుడూ కనబడదు.

అలాగని ఏసీ వద్దనను. ఆస్పత్రిలో ఆపరేషను గదికి, మందులకు, బాలింతకు, ముసలివారికి అది ప్రాణం నిలిపే వస్తువు. కాని 18 డిగ్రీలు పెట్టుకుని దుప్పటి కప్పుకోవడం మాత్రం వేడుక. కేంద్ర ప్రభుత్వంవారి ఆదేశంతో 2020 జనవరి 1 నుంచి తయారైన గది ఏసీలు వెయ్యగానే 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేట్టు చేశారు. ఒక్కో డిగ్రీ పెంచితే కరెంటు నూటికి సుమారు 6 పాళ్ళు మిగులుతుందని వారి లెక్క. ఆఫీసులో అక్కలూ, చెల్లెళ్ళూ ఆ 24ను అడిగి పెట్టించుకోండి. వణకడం తగ్గుతుంది, బిల్లూ తగ్గుతుంది, వెనకసందులో వేడీ తగ్గుతుంది. ఏసీ యంత్రం బిగించేటప్పుడు దాని వేడిగాలి ఎవరి మొహాన కొడుతుందో చూసి బిగించమని చెప్పండి. వాకిట్లో ఒక చలివేంద్రం కుండ పెట్టండి, అందులో నాలుగు వట్టివేళ్ళు వెయ్యండి.